పీఎస్5 సన్నబడింది సరే, కంట్రోలర్ బ్యాటరీ సంగతేమిటి?

లాసన్స్‌బే_లక్ష్మణ్ | 7 ఏప్రిల్ 2024, ఉదయం 9:40

సోనీ వాళ్ల ఆటల పెట్టె పీఎస్5 (ప్లేస్టేషన్ 5)లో సన్నటి మోడల్, అదే స్లిమ్, మన దేశంలో 5వ తేదీన అమ్మకానికి వచ్చింది. నిన్న విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపువాడు ఎవరికో డబ్బా విప్పి చూపిస్తుంటే నేనూ పక్కన నిలబడి చూశాను. విడుదల రేటు డిస్క్ ఉన్నది 54,990, డిస్క్ లేని డిజిటల్ 44,990. పాత మోడల్‌కి పెంచిన రేటు ఎంతో ఇదీ అంతే. సైజు తగ్గింది కానీ బిల్లు తగ్గలేదు.

చేతిలోకి తీసుకుంటే మాత్రం తేడా తెలుస్తుంది. మొదటి పీఎస్5 డిస్క్ మోడల్ నాలుగున్నర కిలోలు. ఇది 3.2 కిలోలు. స్టోరేజీ 825 జీబీ నుంచి 1 టీబీ అయింది. డిస్క్ డ్రైవ్ ఊడదీసి మళ్లీ తగిలించుకోవచ్చు. ఇంతవరకు అంతా బాగుంది.

తర్వాత డబ్బాలోంచి కంట్రోలర్ తీశాడు. అదే డ్యూయల్‌సెన్స్. లోపల అదే 1560 మిల్లీయాంప్ అవర్ సామర్థ్యం ఉన్న బ్యాటరీ. నా దగ్గరున్నది 2021 ఫిబ్రవరిలో, మన దగ్గర విడుదలైనప్పుడే కొన్నది. రోజూ ఆడతాను కాబట్టి దాని బ్యాటరీ ముసలిదైపోయింది. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, లిథియం బ్యాటరీ ఏదైనా అంతే. కానీ సాయంత్రం మొదలుపెడితే భోజనాల వేళకల్లా ఛార్జింగ్ అయిపోవచ్చిందని తెర మీద వచ్చేస్తోంది. పెట్టెని 30 శాతం చిన్నది చేసినవాళ్లు, ఈ బ్యాటరీని మనమే మార్చుకునేలా ఒక చిన్న మూత పెట్టలేకపోయారా?

నా ప్రశ్న: పాతది అమ్మేసి స్లిమ్ తీసుకోవాలా, కొత్త కంట్రోలర్ కొనాలా, లేక బ్యాటరీ ఒక్కటే మార్పించాలా?

---

గాజువాక_గేమర్ | ఉదయం 10:05

ఈ ప్రశ్న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ ఆడేవాళ్లెవరూ అడగరు గురూ. వెనక మూత తీయడం, రెండు పెన్సిల్ సెల్లు వేయడం, ఆడుకోవడం. 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కంట్రోలర్‌కి కంపెనీ చెప్పే లెక్క 40 గంటలు. అందులో కొంత కోసేసినా మీ డ్యూయల్‌సెన్స్‌కి అందనంత దూరం.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది, 2014 అక్టోబర్‌లో, ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. మా ఇంట్లో ట్రాన్సిస్టర్ రేడియో, టార్చిలైటు రెండూ నా కంట్రోలర్‌లోంచి తీసిన సెల్లతోనే నడిచాయి. మీ కంట్రోలర్‌లోంచి బ్యాటరీ తీసి ఏ టార్చిలైట్లో వేస్తారో చెప్పండి.

---

పిక్సెల్_పిల్లి | ఉదయం 10:11

2024లో ముప్పై నలభై వేల వస్తువు కొని, గోడ గడియారంలో వేసినట్టు సెల్లు వేసుకుంటున్నారు. పైగా దాన్ని గొప్పగా చెప్పుకుంటున్నారు. దండం బాబూ.

---

ఉక్కునగరం_విజయ్ | ఉదయం 11:30

లక్ష్మణ్, స్లిమ్ అనగానే ముందు ఏమి తగ్గించారో చూడాలి. నేను మొదటి ప్లేస్టేషన్ రోజుల నుంచి చూస్తున్నాను. చిన్నది వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి ఊడుతుంది.

2004లో పీఎస్2 స్లిమ్ వచ్చింది. ఎంత ముద్దుగా ఉండేదో. కానీ వెనక హార్డ్ డిస్క్ పెట్టుకునే చోటు తీసేశారు. 2009లో పీఎస్3 స్లిమ్. దాంట్లో లైనక్స్ ఎక్కించుకునే సదుపాయం పోయింది. 2016లో పీఎస్4 స్లిమ్. వెనకున్న ఆప్టికల్ ఆడియో పోర్టు పోయింది. నా దగ్గర పాత హోమ్ థియేటర్ ఉండేది, దానికి ఆ పోర్టే ఆధారం. అదే ఏడాది ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ వచ్చింది. అది నిజంగా బాగా చేశారు. సైజు 40 శాతం తగ్గించి, ఆ ఇటుకంత అడాప్టర్‌ని కూడా లోపలికి పంపించారు. అందులోనూ కైనెక్ట్ కెమెరా పెట్టుకునే పోర్టు ఎగిరిపోయింది.

ఈసారి ఏం పోయాయంటే, నిలువుగా పెట్టే స్టాండు డబ్బాలో రాదు, విడిగా కొనుక్కోవాలి. పడుకోబెట్టడానికి మాత్రం చిన్న ప్లాస్టిక్ కాళ్లు రెండు ఇస్తున్నారు. ముందు వైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ పోర్టు లేదు, రెండూ సీ రకమే. ఇంట్లో ఉన్న ఛార్జింగ్ వైరు ఆ వెడల్పు రకమైతే, దాన్ని పెట్టడానికి ప్రతిసారీ కన్సోల్ వెనక్కి చెయ్యి దూర్చాలి. బ్యాటరీ చాలక రోజూ ఛార్జింగ్ పెట్టేవాడికి ఇది చిన్న విషయమేమీ కాదు.

మరో సంగతి. డిస్క్ డ్రైవ్ తగిలించాక మొదటిసారి ఇంటర్నెట్ ఉంటేనే అది కన్సోల్‌తో జత కడుతుంది. ఇంట్లో నెట్ ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు. ఊరికి పట్టుకెళ్లి అక్కడ మొదటిసారి బిగిద్దామనుకునేవాళ్లు చూసుకోండి.

---

రమ_ఎంవీపీ | మధ్యాహ్నం 1:15

నమస్తే అండీ. ఇక్కడ కొత్త. మా పిల్లలిద్దరికీ పరీక్షలు అయిపోయాయి, సెలవులకి ఇది కావాలని ఒకటే పోరు. నాకు ఆటల గురించి తెలియదు. తెలిసిందల్లా మా టీవీ యూనిట్ అర గురించే. లోతు ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు. మా అన్నయ్యగారింట్లో పాత పీఎస్5 ఆ అరలో పట్టక నేల మీద, ఫ్రిజ్ పక్కన పెట్టారు. ఈ చిన్నది పడుతుందా? ఇంకో మాట, పిల్లలు ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతారు. ఇంట్లో రిమోట్‌కే సెల్లు ఉండవు. మా ఇంటికి ఏది నయం?

---

లాసన్స్‌బే_లక్ష్మణ్ | మధ్యాహ్నం 1:50

రమగారూ, అందరూ ఎత్తు గురించి మాట్లాడతారు కానీ మన ఇళ్లలో అసలు సమస్య లోతే. మీరు సరిగ్గా పట్టుకున్నారు. మొదటి పీఎస్5 లోతు 26 సెంటీమీటర్లు. వెనక హెచ్‌డీఎంఐ వైరు, కరెంటు వైరు వంగడానికి కనీసం ఐదారు వదలాలి. అంటే మీ అరలో పట్టదు. స్లిమ్ లోతు 21.6. వైర్లు వంగాక కూడా ఇంకాస్త చోటు మిగులుతుంది. మందం 10.4 నుంచి 9.6కి దిగింది, అది పెద్ద లెక్కలోకి రాదు. పొడవు 39 నుంచి 35.8.

అయితే అర వెనక చెక్క మూసేసి ఉంటే పెట్టకండి. వేడి గాలి వెనక నుంచే వస్తుంది. మన మే నెలలో అసలే ఉక్కపోత, దానికి తోడు మూసిన అర అంటే లోపల ఫ్యాను ఊపిరాడక రొద పెడుతుంది.

---

గాజువాక_గేమర్ | మధ్యాహ్నం 2:20

మేడమ్, చోటే సమస్య అయితే సిరీస్ ఎస్ చూడండి. 27.5 పొడవు, 15.1 వెడల్పు, 6.5 మందం, బరువు రెండు కిలోల లోపే. మీ అరలో పెట్టి పక్కన పూలకుండీ కూడా పెట్టుకోవచ్చు. దానికి డిస్క్ ఉండదు, చవక మోడల్‌లో స్టోరేజీ 512 జీబీనే అన్నది మాత్రం ముందే తెలుసుకోండి. పెద్ద ఆటలు నాలుగైదు ఎక్కేసరికి ఒకటి తీసి ఒకటి వేసుకోవాలి.

పిల్లలు ఛార్జింగ్ మర్చిపోతారన్నారు కదా, అక్కడే సెల్లు కలిసొస్తాయి. అయిపోతే రెండు మార్చడమే. సెల్లు అసలే లేకపోయినా వైరు పెట్టి ఆడుకోవచ్చు.

---

ఈఈఈ_థర్డియర్ | మధ్యాహ్నం 3:05

ఇద్దరూ గంటలు లెక్కపెడుతున్నారు కానీ బ్యాటరీ ఎందుకు పాడవుతుందో ఎవరూ చెప్పడం లేదు. మా సబ్జెక్టు కాబట్టి చెప్తాను.

లిథియం అయాన్ బ్యాటరీకి రెండు విషయాలు పడవు. ఒకటి వేడి, రెండు నిండుగా ఛార్జ్ అయి ఊరికే కూర్చోవడం. రెండూ కలిస్తే ఇంకా తొందరగా ముసలిదవుతుంది. మనం చేసేది సరిగ్గా అదే. ఆట అయ్యాక కంట్రోలర్‌ని కన్సోల్ వెనక వేడి గాలి తగిలే చోట పెడతాం, వైరు గుచ్చి వదిలేస్తాం. నిండిన తర్వాత లోపలికి కరెంటు వెళ్లడం ఆగుతుంది, నిజమే. కానీ బ్యాటరీ నిండు వోల్టేజీలోనే, ఆ వేడిలోనే రాత్రంతా ఉంటుంది. డ్యూయల్‌సెన్స్ నిండడానికి మూడు గంటలు చాలు. నిండాక తీసి టీపాయ్ మీద పెట్టండి. పూర్తిగా అయిపోయేదాకా ఆడటం కూడా అవసరం లేదు, 20, 30 శాతం దగ్గర పెట్టేయొచ్చు. సున్నాకి దింపి నెలల తరబడి బీరువాలో పడేయడం అన్నిటికన్నా చెడ్డది.

ఇక సెల్లు. గాజువాక అన్నా, ఒకసారి వాడి పారేసే ఆల్కలైన్ సెల్లు ఎందుకు వాడుతున్నావు? రీఛార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు తీసుకో. వోల్టేజీ 1.5 కాకుండా 1.2 ఉంటుంది కానీ కంట్రోలర్‌కి అది చాలు. ఆల్కలైన్ వాడేకొద్దీ వోల్టేజీ జారుతూ వస్తుంది. ఇది చివరిదాకా ఇంచుమించు ఒకే మట్టంలో ఉండి, ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే తెర మీద బ్యాటరీ గుర్తు సరిగ్గా చూపించదు, సగం ఉందని చూపిస్తూనే ఆగిపోవచ్చు. అంతకు మించి ఇబ్బంది లేదు. 2005లో సాన్యో ఎనెలూప్ తెచ్చాక, ఛార్జ్ చేసి పక్కన పెట్టినా కరిగిపోని రకాలు వచ్చాయి. పాత రీఛార్జబుల్ సెల్లు నెలరోజులు వదిలేస్తే ఖాళీ అయ్యేవి, ఆ చెడ్డపేరు ఇంకా పోలేదు.

---

పిక్సెల్_పిల్లి | మధ్యాహ్నం 3:12

సెమ్ ఎగ్జామ్‌లో ఇంత రాస్తే పాసైపోతావ్ తమ్ముడూ.

---

ఈఈఈ_థర్డియర్ | మధ్యాహ్నం 3:14

రాశాను. పాసవలేదు.

---

టంకం_మావ | సాయంత్రం 6:45

షాపు కట్టేసి ఇప్పుడే చూస్తున్నాను. డాబాగార్డెన్స్ వైపు చిన్న రిపేరు షాపు నాది. టీవీ రిమోట్ల నుంచి కంట్రోలర్ల దాకా అన్నీ వస్తాయి. బల్ల మీద రోజూ కనపడేది చెప్తాను.

బీచ్‌రోడ్డు, లాసన్స్‌బే, పెదవాల్తేరు, ఆ సముద్రం ఒడ్డు ఇళ్ల నుంచి వచ్చే సెల్లు వేసే కంట్రోలర్లకి ఒక జబ్బు ఉంటుంది. మూత తీస్తే స్ప్రింగు మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. కొన్నిటికి తెల్లగా పొడి. పచ్చది ఉప్పుగాలి పని. తెల్లది సెల్ కారడం వల్ల. సెలవులకి ఊరెళ్తూ సెల్లు లోపలే వదిలేస్తారు, తిరిగొచ్చేసరికి అది కారి ఉంటుంది. మొన్న ఒకాయన తెచ్చిన దాంట్లో స్ప్రింగు సగం తినేసి, చేత్తో ముట్టుకోగానే విరిగి బల్ల మీద పడింది. తగరం అంటించి కొత్త స్ప్రింగు వేసి ఇచ్చాను. తెల్లపొడి అయితే ఇయర్‌బడ్ చివర నిమ్మరసం గానీ వెనిగర్ గానీ తడిపి రుద్దండి. నురగ వచ్చి వదులుతుంది. తర్వాత స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. ఆరకముందే సెల్ వేయొద్దు. ఇంకోటి, చవకరకం సెల్లు, ఒక పాతది ఒక కొత్తది కలిపి వేసినవి, ఇవే ఎక్కువ కారతాయి.

ఇక లోపల బ్యాటరీ ఉన్నవి. వీటికి చిలుము గొడవ తక్కువే, కానీ బ్యాటరీ చచ్చాక జనం కంట్రోలర్‌నే పారేస్తున్నారు. మన దగ్గర విడుదలైనప్పుడు డ్యూయల్‌సెన్స్ 5,990. బ్యాటరీ మార్చడానికి నాకు పట్టే టైము టీ చల్లారేంత.

ఎలాగంటే, కింద నల్లటి పట్టీ ఉంది కదా, బొటనవేళ్లతో తిప్పే పుల్లలు రెండిటినీ కలుపుతూ. దాన్ని ప్లాస్టిక్ కార్డు ముక్కతో అంచున లేపాలి. స్క్రూ డ్రైవర్ పెట్టి లేపితే గీతలు పడతాయి. తర్వాత పైన ఎల్1, ఆర్1 బటన్లు పైకి లాగితే ఊడొస్తాయి. వాటి కింద రెండు స్క్రూలు, పట్టీ కింద రెండు. మొత్తం నాలుగు. అవి తీశాక వెనక డొప్ప వదులవుతుంది, పక్కల కొక్కేలు టిక్ టిక్‌మంటాయి, భయపడక్కర్లేదు. డొప్ప తీయగానే బ్యాటరీ ఎదురుగా కనపడుతుంది. దాని చిన్న తెల్ల కనెక్టర్‌ని వైరు పట్టి గుంజకుండా, గోటితో అటూ ఇటూ కదుపుతూ లాగాలి. కొత్తది పెట్టి అదే వరసలో మూసేయాలి. టంకం అవసరమే లేదు. పాత పీఎస్4 కంట్రోలర్‌లో అయితే వెనక డొప్పకి సన్నటి రిబ్బను ఒకటి ఉంటుంది, తెలియక గబుక్కున లాగితే తెగుతుంది.

లక్ష్మణ్ గారూ, మీ కన్సోల్ బాగానే ఉంటే అమ్మొద్దు. బ్యాటరీ ఒక్కటే మార్చుకోండి. వారంటీలో ఉన్నదైతే విప్పొద్దు, మీది ఎలాగూ దాటిపోయింది. కన్సోల్ జోలికి మాత్రం ఇంట్లో ఎవరూ వెళ్లొద్దు. లోపల చిప్పు చల్లదనానికి ద్రవలోహం వాడారు, అది పక్కకి కారితే బోర్డు పోతుంది.

---

లాసన్స్‌బే_లక్ష్మణ్ | సాయంత్రం 7:10

ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్ మావా. ఆన్‌లైన్‌లో 3000 మిల్లీయాంప్ అవర్ బ్యాటరీ అని కొన్ని కనపడుతున్నాయి, అదే సైజు, రేటు కూడా తక్కువే. ఒకేసారి రెండింతలు వస్తుంది కదా, అది తీసుకోనా?

---

టంకం_మావ | సాయంత్రం 7:18

వద్దు. అదే సైజులో, అదే రకం బ్యాటరీలో రెండింతలు పట్టదు. పట్టేదైతే కంపెనీయే పెట్టేది. స్టిక్కర్ మీద ఎంతైనా అచ్చు వేసుకోవచ్చు, డబ్బులేం పోవు. చేతిలో పెట్టుకుంటే ఒరిజినల్ కన్నా తేలిగ్గా ఉన్నవీ చూశాను.

---

పిక్సెల్_పిల్లి | సాయంత్రం 7:25

అమ్మో. నేను అలాంటిదే ఒకటి వేయించాను, పేరు ఊరు లేని కంపెనీది. ఒరిజినల్ కన్నా తక్కువే వస్తోంది. సర్లే, దాని సంగతి తర్వాత.

అసలు ఒక్క మాట. డ్యూయల్‌సెన్స్ ఊరికే బ్యాటరీ తాగడం లేదు. విల్లు లాగుతుంటే ట్రిగ్గర్ బిగుసుకుంటుంది, వాన పడుతుంటే అరచేతిలో చినుకులు తెలుస్తాయి, లోపల స్పీకర్, మైకు. అవి ఉన్నాయి కాబట్టే తాగుతోంది. ఎక్స్‌బాక్స్‌లో అదే పాత గుర్రుగుర్రు వైబ్రేషన్. ఏమీ చేయని వాడికి అలసటెందుకు వస్తుంది? 40 గంటలేం ఖర్మ, నాలుగొందల గంటలు కూడా వస్తుంది.

---

గాజువాక_గేమర్ | సాయంత్రం 7:31

నీ వాన చినుకులు మూడో గంటలో ఆరిపోతాయి కదా. ఆ తర్వాత సోఫాకీ టీవీకీ మధ్య వైరు కట్టుకుని కూర్చుంటావు. ఇంట్లోవాళ్లు దాని మీద తట్టుకుని పడతారు.

---

పిక్సెల్_పిల్లి | సాయంత్రం 7:33

మీ ఎక్స్‌బాక్స్ వాళ్లే ఖరీదైన ఎలీట్ సిరీస్ 2లో బ్యాటరీ లోపల పెట్టి మూసేశారు. అది మాత్రం మాట్లాడవు. సెల్లు అంత గొప్పవైతే పెద్ద కంట్రోలర్‌లో ఎందుకు తీసేశారు అన్నా?

---

గాజువాక_గేమర్ | సాయంత్రం 7:40

అందుకే నేను ఎలీట్ కొనలేదు. అది తప్పే, సమర్థించను. మామూలు కంట్రోలర్ గురించే నా వాదన.

---

నిర్వాహకుడు | సాయంత్రం 7:52

మొన్న 3వ తేదీన మన స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్‌లో కోల్‌కతా వాళ్లు 272 కొట్టారు. మీరిద్దరూ దాన్ని దాటేలా ఉన్నారు. కొత్తవాళ్లు సలహా కోసం వచ్చారు, దాని మీద మాట్లాడండి.

---

ఉక్కునగరం_విజయ్ | రాత్రి 8:30

ఈ గొడవ ఇంకొన్నాళ్లలో వాళ్లంతట వాళ్లే తీర్చేలా ఉన్నారు. యూరప్‌లో 2023లో బ్యాటరీల మీద కొత్త చట్టం వచ్చింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో బ్యాటరీని మామూలు మనిషి మామూలు పనిముట్లతో తీసి మార్చుకునేలా ఉండాలి. కొన్నిటికి మినహాయింపులు ఉన్నాయి. కంట్రోలర్లు కూడా దాని కిందికే వస్తాయని నా అంచనా. అక్కడికో డిజైను, మనకో డిజైను అని రెండు రకాలుగా ఎవడూ చేయడు, ఖర్చు కలిసిరాదు. ఫోన్లలో సీ రకం ఛార్జర్ అలాగే కదా మన దాకా వచ్చింది.

కాబట్టి స్లిమ్‌లో కంట్రోలర్ ఎందుకు మార్చలేదంటే, బహుశా ఇంకా ఆ గడువు రాలేదు కాబట్టి. ఇది నా ఊహ మాత్రమే. వీళ్లు పెట్టె మార్చిందే వాళ్ల తయారీ ఖర్చు, రవాణా ఖర్చు తగ్గించుకోవడానికి. పెట్టె చిన్నదైతే ఒక కంటైనర్‌లో ఎక్కువ పడతాయి. పోర్టు ఉన్న ఊరివాళ్లం, మనకి ఇది ఒకరు చెప్పాలా. బ్యాటరీ మూత పెడితే కలిసొచ్చేది మనకి, వాళ్లకి కాదు.

---

లాసన్స్‌బే_లక్ష్మణ్ | రాత్రి 8:44

ఈ మాట ఒక్కటి చాలు విజయ్ గారూ. నేను షాపులో నిలబడి అనుకున్నది ఇదే, చెప్పడం రాలేదు. స్లిమ్‌లో వచ్చిన మార్పులన్నీ గోదాములో, లారీలో, షాపు ర్యాకులో పనికొచ్చేవి. ఆడేవాడి చేతిలో ఉండేది కంట్రోలర్. దాన్ని ముట్టుకోలేదు.

---

రమ_ఎంవీపీ | రాత్రి 9:05

అందరికీ ధన్యవాదాలు. సగం అర్థమైంది. పిల్లలు మాత్రం పీఎస్5 అనే పట్టుబట్టారు, వాళ్ల స్నేహితులందరి దగ్గర అదే ఉందట, కలిసి ఆడాలట. కాబట్టి స్లిమ్ తీసుకుంటాం. అర కూడా కొలిచాను, వెనక చెక్క లేదు. పిల్లలు మర్చిపోయినా బ్యాటరీ త్వరగా పాడవకుండా ఏమైనా సెట్టింగులు ఉన్నాయా?

---

పిక్సెల్_పిల్లి | రాత్రి 9:20

ఉన్నాయి అక్కా. మొదట సెట్టింగ్స్‌లో యాక్సెసరీస్, అందులో కంట్రోలర్. అక్కడ వైబ్రేషన్, ట్రిగ్గర్ బిగింపు రెండిటినీ తక్కువకి (వీక్) పెట్టండి. పూర్తిగా తీసేయొద్దు, అవి లేకపోతే పీఎస్5 కొన్న సరదా పోతుంది. స్పీకర్ శబ్దం తగ్గించండి, లైటు వెలుగు కూడా తగ్గించండి.

తర్వాత సిస్టమ్‌లో పవర్ సేవింగ్. వాడకుండా ఎంతసేపు ఉంటే కంట్రోలర్ ఆగిపోవాలో అక్కడ ఉంటుంది. 10 నిమిషాలు పెట్టండి. పిల్లలు మధ్యలో అన్నానికి లేచి వెళ్లిపోతే దానంతట అదే ఆగుతుంది. అక్కడే, కన్సోల్ నిద్రలో ఉన్నప్పుడు యూఎస్‌బీకి కరెంటు ఎంతసేపు ఇవ్వాలో కూడా ఉంటుంది. ఎప్పుడూ అని కాకుండా 3 గంటలు పెట్టండి. మూడు గంటల్లో నిండుతుంది, ఆ తర్వాత కరెంటు ఆగిపోతుంది. రాత్రి వైరు పెట్టి మర్చిపోయినా నష్టం తక్కువ.

గాజువాక అన్నా, చూశావా, తిట్టుకోకుండా కూడా రాయగలను.

---

గాజువాక_గేమర్ | రాత్రి 9:26

చూశాను. మేడమ్, ఆ పిల్లి చెప్పింది కరెక్టే. ఇద్దరు పిల్లలు కదా, రెండో కంట్రోలర్ ఎలాగూ కొనాలి. ఒకటి ఛార్జింగ్‌లో, ఒకటి చేతిలో. ఇద్దరూ ఒకేసారి ఆడతామంటే మాత్రం ఆ దెబ్బలాట మీరే తీర్చాలి.

---

ఈఈఈ_థర్డియర్ | రాత్రి 9:41

పిల్లి గారూ, ఆ పేరులేని బ్యాటరీ సంగతి తర్వాత చెప్తానన్నారు. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు కంట్రోలర్ బాగా వేడెక్కుతోందా? వెనక డొప్ప అతుకు దగ్గర ఎక్కడైనా తెరుచుకున్నట్టు ఉందా?

---

పిక్సెల్_పిల్లి | రాత్రి 9:50

వేడెక్కుతుంది. అతుకు ఇప్పుడే లైటు వేసి చూశాను. ఎడమ వైపు గోరు దూరేంత సందు ఉంది. ముందు లేదనే గుర్తు.

---

టంకం_మావ | రాత్రి 9:53

ఉబ్బింది. వైరు గుచ్చి ఉంటే వెంటనే తీసెయ్. ఆన్ చేయొద్దు. ఆ సందుని నొక్కి మూయడానికి అసలు చూడొద్దు, నొక్కితే లోపల పొర చిరిగి మంట అంటుకుంటుంది. పరుపు మీద, సోఫా మీద పెట్టకు. గచ్చు మీద గానీ మట్టికుండలో గానీ, పక్కన గుడ్డలు కాగితాలు లేకుండా, కిటికీ తెరిచి ఉన్న చోట పెట్టు. నువ్వు విప్పొద్దు, నేను విప్పుతాను. అది బయటికి తీశాక చెత్తబుట్టలో వేయడానికి లేదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి నేనే ఇస్తాను.

ఎక్కడుంటావు నువ్వు?

---

పిక్సెల్_పిల్లి | రాత్రి 9:55

మధురవాడ మావా. హాస్టల్. గచ్చు మీద పెట్టేశాను. రూమ్‌మేట్ నిద్రపోయాడు, లేపనా?

---

టంకం_మావ | రాత్రి 9:56

లేపు. ఈ రాత్రికి దాన్ని బాల్కనీలో పెట్టు, వాన లేదు కదా. పొద్దున పదింటికి షాపు తీస్తాను. బస్సులో జేబులో వేసుకుని రావొద్దు, స్టీలు డబ్బాలో అడుగున ఇసుక పోసి అందులో పెట్టి తీసుకురా. అడ్రసు మెసేజ్ పెడుతున్నాను.

---

లాసన్స్‌బే_లక్ష్మణ్ | రాత్రి 10:02

మావా, నాదీ రేపు తెస్తాను. ఒరిజినల్ బ్యాటరీ ఉందా, ఆర్డర్ పెట్టాలా?

---

టంకం_మావ | రాత్రి 10:04

ఒక్కటే ఉంది. ఆ కుర్రాడిది ముందు. మీకు తెప్పిస్తాను, అందాకా వైరుతో ఆడుకోండి.